కోలారు బంగారం లెక్క: నాలుగు తులాల నుంచి పావు తులానికి

కోలారు బంగారు గనుల తొలి రోజుల్లో టన్ను రాయి పగలగొట్టి నలిపితే సుమారు 47 గ్రాముల బంగారం వచ్చేది. తులానికి 11.66 గ్రాములనే పాత లెక్కలో అది నాలుగు తులాలు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే నాటికి టన్ను రాయిలో మిగిలింది మూడు గ్రాముల లోపు, అంటే పావు తులం. నాలుగు తులాలు పావు తులం కావడానికి 120 ఏళ్లు పట్టింది. ఈలోగా గని భూమిలోకి 3.2 కిలోమీటర్లు దిగింది, సుమారు 800 టన్నుల బంగారం పైకి వచ్చింది, కొన్ని తరాల కూలీల ఊపిరితిత్తులు పాడయ్యాయి.

"బంగారం అయిపోయింది, అందుకే మూసేశారు" అని చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. లోపల బంగారం ఇంకా ఉంది, గిట్టుబాటయ్యే రాయి తరిగిపోయింది. లోహం ఉన్న ప్రతి రాయినీ గనుల వాళ్లు ముడి ఖనిజం అనరు. తవ్వి, పైకి తెచ్చి, నలిపి, లోహాన్ని వేరు చేసిన ఖర్చంతా పోను ఇంకా ఏమైనా మిగిలితేనే అది ముడి ఖనిజం. బంగారం ధర పెరిగితే నిన్నటి ఉత్త రాయి ఇవాళ ఖనిజమవుతుంది, గని లోతు పెరిగితే నిన్నటి ఖనిజం ఇవాళ ఉత్త రాయవుతుంది. కోలారు కథంతా ఈ లెక్క చుట్టూ తిరుగుతుంది. ఆ లెక్కను నడిపించింది మాత్రం భూమి లోపల బంగారం పరుచుకున్న ఆకారం.

800 టన్నులు అనగానే కొండంత బంగారం కళ్ల ముందు మెదులుతుంది. బంగారం చాలా బరువైన లోహం కాబట్టి అదంతా కరిగించి ఒక్క దిమ్మగా పోస్తే పొడవు, వెడల్పు, ఎత్తు మూడున్నర మీటర్ల చొప్పున వస్తుంది. ఇంట్లో ఒక గదిలో పట్టేస్తుంది. ఆ గదిని నింపడానికి తవ్వి నలిపిన రాయి మాత్రం ఐదు కోట్ల టన్నులకు పైమాటే.

270 కోట్ల ఏళ్ల నాటి నల్లరాయి

బెంగళూరుకు తూర్పున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) పట్టణం. రాబర్ట్‌సన్‌పేట, అండర్సన్‌పేట, ఉరిగాం, చాంపియన్ రీఫ్స్, మారికుప్పం అన్నీ కలిసి ఆ ఊరు. ఇది కర్ణాటకలో ఉన్నా కోలారు జిల్లా పల్లెల్లో తెలుగు మామూలుగా వినిపిస్తుంది. గనుల లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరుసల్లో, ఎక్కువగా వినిపించేది తమిళం. ఊరి చుట్టూ కనుచూపు మేర గ్రానైట్ గుట్టలే. వాటి మధ్య ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున, చాలాచోట్ల మూడు నాలుగు కిలోమీటర్లకు మించని వెడల్పుతో ముదురు రంగు రాయి ఒక పట్టీలా పరుచుకుని ఉంది. భూవిజ్ఞానులు దీన్ని కోలారు శిస్ట్ పట్టీ అంటారు, శిస్ట్ అంటే పలకలుగా చీలే రాయి. దీని దక్షిణపు కొస కుప్పం వైపు చిత్తూరు జిల్లాలోకి వస్తుంది.

ఆ నల్లరాయి ఒకప్పుడు లావా. సుమారు 270 కోట్ల ఏళ్ల క్రితం నీటి అడుగున పొంగి, చల్లబడి, దిండ్లు పేర్చినట్టు గడ్డకట్టింది. తర్వాత భూమి లోతుల్లోకి వెళ్లి, వేడికీ ఒత్తిడికీ మారిపోయి యాంఫిబోలైట్ అనే గట్టి రాయిగా తయారైంది. కేజీఎఫ్ దగ్గరి ఈ లావా శిలలను భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల జాబితాలో చేర్చింది. బంగారు ఊరికి వెళ్లినవాళ్లు గని టవర్లు చూసి వచ్చేస్తారు గానీ, అక్కడ అన్నిటికంటే పాతదీ విలువైనదీ ఈ రాయే.

లావాలో బంగారం లేకపోలేదు, కానీ టన్నుకు గ్రాములో కొన్ని వెయ్యోవంతులు ఉంటే గొప్ప. పనికొచ్చే గని కావాలంటే ప్రకృతి దాన్ని వేల రెట్లు ఒకచోట పోగు చేయాలి. ఆ పని చేసింది వేడినీరు. రాళ్లు భూమి లోతుల్లో కాగి రూపం మారుతున్నప్పుడు వాటిలోని నీరు, కార్బన్ డయాక్సైడ్, కాస్త గంధకం బయటికి వస్తాయి. వందల డిగ్రీల వేడిలో ఉన్న ఆ ద్రవంలో బంగారం గంధకంతో జతకట్టి కరిగి ఉంటుంది. ద్రవం పైకి రావడానికి దారి కావాలి. రెండు గట్టి ఫలకాలు ఒకదాన్నొకటి నొక్కుకునే చోట రాయి పగుళ్లిస్తుంది. కోలారు పట్టీకి పడమర ఉన్న గ్రానైట్ శిలల వయసు, తూర్పున ఉన్న వాటి వయసు ఒకటి కాదు. వేర్వేరు చరిత్ర ఉన్న రెండు భూభాగాలు ఇక్కడ అతుక్కున్నాయని, ఈ పట్టీ ఆ అతుకేనని కొందరు శాస్త్రవేత్తలు వాదించడానికి ఆధారం ఇదే. అతుకు అన్నాక పగుళ్లు ఉండి తీరతాయి.

పగులు తెరుచుకోగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. కుక్కర్ విజిల్ లేచినప్పటి పరిస్థితి అది. ద్రవంలో కరిగిన సిలికా గడ్డకట్టి తెల్లటి పలుగురాయిగా మారి పగులును పూడ్చేస్తుంది. ద్రవంలోని గంధకం పక్కనున్న నల్లరాయిలోని ఇనుముతో కలిసిపోతే, జత పోయిన బంగారం అక్కడే దిగబడిపోతుంది. పూడిపోయిన పగులు వెనక మళ్లీ ఒత్తిడి పెరిగి, మళ్లీ పగిలి, మళ్లీ పూడుతుంది. ఇలా ఎన్నోసార్లు జరిగితే ఏర్పడేది బంగారపు పలుగురాతి పొర. గనుల భాషలో దాన్ని లోడ్ అంటారు.

కోలారులో ఇలాంటి లోడ్లు చాలా ఉన్నా పేరు మోసింది ఒక్కటే, చాంపియన్ లోడ్. ఉత్తర దక్షిణాలుగా సుమారు ఎనిమిది కిలోమీటర్ల మేర దాన్ని తవ్వారు. మందం చూస్తే సగటున మీటరు, అటూ ఇటూగా. ఉపరితలం దగ్గర పడమటికి వాలి ఉండి, లోతుకు వెళ్లే కొద్దీ దాదాపు నిట్టనిలువుగా దిగిపోతుంది. పొడవు కిలోమీటర్లలో, లోతు కిలోమీటర్లలో, మందం మాత్రం ఒక మనిషి చేతులు చాచినంత కూడా లేని పలక అది. ఆ పలకలో కూడా బంగారం అంతటా సమానంగా లేదు. పొర మడతలు పడిన చోట్ల దట్టంగా పేరుకుంది, వాటి మధ్య పేద రాయి ఉంది. గని ఇంజనీర్లు వెతికింది ఆ దట్టమైన ముద్దల కోసమే. చాంపియన్‌కు పడమరగా సాగే మరో రకం లోడ్లలో బంగారం ఇనుము, ఆర్సెనిక్ సల్ఫైడ్లతో కలిసి ఉంటుంది. దాన్ని విడదీయడం కష్టం, గ్రేడ్, అంటే టన్ను రాయికి దొరికే బంగారం, కూడా తక్కువ. అందుకే చాలాకాలం అవి రెండో వరుసలోనే ఉండిపోయాయి.

పాత గుంతల కింద

ఇక్కడ బంగారం ఉందని ఇంగ్లిష్‌వాళ్లు కనిపెట్టారనడం తప్పు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ నేల మీద మనుషులు తవ్వారు. రాతి మీద మంట పెట్టి, ఎర్రగా కాగాక నీళ్లు చల్లి, పగిలిన ముక్కలను విడదీసి, రోళ్లలో నూరి, నీటిలో జల్లెడ పట్టేవారు. దక్కన్ అంతటా పాత బంగారు గుంతల దగ్గర రాతి మీద నూరిన గుంటలు ఇప్పటికీ కనబడతాయి. పంపులు లేవు కాబట్టి నీరు ఊరిన చోట పని ఆగిపోయేది.

1799లో టిప్పు సుల్తాన్ ఓడిపోయాక మైసూరు సరిహద్దులు సర్వే చేయడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, 1802లో ఈ ఊళ్లలో బంగారం మాట విన్నాడు. బంగారం చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానని ప్రకటిస్తే, ఊరివాళ్లు మట్టి తెచ్చి అతని ముందే కడిగి రేణువులు చూపించారు. మారికుప్పం దగ్గర గుంతల్లోకి దిగి రాయి తెస్తున్న కూలీలను కూడా అతను చూశాడు. ఆ తర్వాత జరిగిన చిన్నచిన్న ప్రయత్నాలు ఏవీ నిలబడలేదు. న్యూజిలాండ్‌లో పనిచేసి వచ్చి బెంగళూరులో స్థిరపడిన ఐరిష్ సైనికుడు మైకేల్ లావెల్ 1871లో కోలారు వచ్చి పాత గుంతలన్నీ తిరిగి చూశాడు. 1873లో మైసూరు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే 1875లో లీజు దొరికింది. అతని దగ్గర డబ్బు లేదు. హక్కులు చేతులు మారాయి. చివరికి 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగింది.

మొదటి కొన్నేళ్లు నష్టాలే. పాతవాళ్లు పైపొరల్లోని మంచి రాయిని ఎప్పుడో ఊడ్చేశారు. కొత్త కంపెనీలు తవ్విన చోటల్లా ఖాళీ గుంతలు, పూడిపోయిన సొరంగాలే ఎదురయ్యాయి. పెట్టుబడి కరిగిపోయి, వాటాదారులు చేతులెత్తేసే దశలో, మైసూరు మైన్‌లో పాత తవ్వకాల కింది దాకా వెళ్లాక చాంపియన్ లోడ్ దొరికింది. పాతవాళ్లు ఆగింది నీటి వల్ల. ఆవిరి పంపు ఉన్నవాళ్లకు ఆ నీరు అడ్డం కాలేదు. అంటే కొత్తగా వచ్చింది బంగారం జాడ తెలిసిన బుర్ర కాదు, నీరు తోడే యంత్రం. జాడ మాత్రం ఆ పాత గుంతలే చెప్పాయి. పేర్లు కూడా మిగలని ఆ పాత గని మనుషులకు దక్కాల్సిన గౌరవం మన చరిత్ర పుస్తకాల్లో ఇంకా దక్కలేదు.

ఆ తర్వాత మైసూరు, చాంపియన్ రీఫ్, ఉరిగాం, నందిదుర్గ్ గనులు వరసగా లాభాల్లోకి వచ్చాయి. 1887లో స్కాట్లండ్‌లో పేటెంట్ పొందిన సైనైడ్ పద్ధతి (రాతి పొడిలోని బంగారాన్ని సైనైడ్ ద్రావణంలో కరిగించి తీయడం) కోలారుకు కూడా వచ్చాక, అంతకుముందు పాదరసానికి చిక్కకుండా పోయిన సన్నటి రేణువులూ చేతికొచ్చాయి. 20వ శతాబ్దపు తొలి దశకంలో ఉత్పత్తి శిఖరానికి చేరింది.

కిందికి తప్ప మరో దారి లేదు

ఈ లోడ్ ఆకారమే గని భవిష్యత్తును నిర్ణయించింది. ఖనిజం మందంగా, ఉపరితలానికి దగ్గరగా ముద్దలా ఉంటే పైనుంచి తెరిచి తవ్వేయవచ్చు. ఇనుప ఖనిజం, బొగ్గు చాలాచోట్ల అలాగే తవ్వుతారు. మీటరు మందం ఉన్న నిలువు పలక విషయంలో అది కుదరదు. పొర వెంట కిందికి దిగాలి, దిగుతూనే ఉండాలి. ప్రతి ఏడూ గని ఇంకొంత లోతవుతుంది. నీరు ఇంకొంత పైకి తోడాలి, గాలి ఇంకొంత కిందికి పంపాలి, మనిషినీ రాయినీ ఇంకొంత దూరం లిఫ్టులో తిప్పాలి. పని గంటల్లో దారిలోనే పోయే సమయం పెరుగుతుంది.

ఇంత శక్తికి కట్టెలు, బొగ్గు చాలలేదు. కావేరి మీద శివనసముద్రం దగ్గర జలవిద్యుత్ కేంద్రం కట్టించింది ఈ అవసరమే. 1902లో అక్కడినుంచి సుమారు 147 కిలోమీటర్ల లైన్ మీద కరెంటు కోలారు గనులకు చేరింది. అప్పటికి ప్రపంచంలోనే చాలా పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. బెంగళూరు వీధి దీపాలకు కరెంటు 1905లో గానీ రాలేదు. ఊళ్లో దీపం వెలగక ముందే గనిలో మోటారు తిరిగింది. బంగారుపేట నుంచి మారికుప్పానికి రైలు మార్గం 1894లోనే వచ్చింది, తాగునీరు పాలారు మీది బేతమంగళం చెరువు నుంచి వచ్చింది. చల్లటి వాతావరణం, బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం చూసి ఇంగ్లిష్‌వాళ్లు ఈ ఊరిని చిన్న ఇంగ్లండ్ అని మురిసిపోయారు. ఆ ఇంగ్లండ్ కూలీ లైన్లకు వర్తించదు.

చాంపియన్ రీఫ్ గనిలోని గిఫర్డ్ షాఫ్ట్ (గనిలోకి దిగే నిలువు బావి) వైపు తవ్వకాలు చివరికి 3.2 కిలోమీటర్ల లోతుకు చేరాయి. ఊరు సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గని అడుగు సముద్రమట్టానికి రెండు కిలోమీటర్లకు పైగా దిగువన ఉందన్నమాట. అక్కడ రాయిని తాకితే 65 డిగ్రీలు దాటిన వేడి. చల్లబరిచిన గాలిని పైనుంచి పంపితే తప్ప మనిషి నిలబడలేడు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. భూమిలోకి కిలోమీటరు దిగితే మామూలుగా పాతిక నుంచి ముప్పై డిగ్రీల వేడి పెరుగుతుంది. ఆ లెక్కన కోలారు అడుగున వంద డిగ్రీలు దాటాలి. అలా జరగలేదు. దక్షిణ భారతపు ఈ రాతి పునాది కోట్ల ఏళ్లుగా కదలక మెదలక చల్లారిపోయి ఉంది, కిలోమీటరుకు పెరిగే వేడి ఇక్కడ అందులో సగమే. బంగారాన్ని ఇచ్చిన ఆ పాతదనమే దాని వెంట అంత లోతుకు వెళ్లే అవకాశమూ ఇచ్చింది. చిన్న వయసు రాళ్లున్న దేశంలో ఇదే లోడ్ ఉంటే, సగం లోతులోనే వేడికి పని ఆగిపోయేది.

రాయి పేలే చోటు

వేడిని గాలితో చల్లార్చవచ్చు. ఒత్తిడిని అలా చల్లార్చలేం. మూడు కిలోమీటర్ల రాతి బరువు నెత్తిన ఉన్నప్పుడు, మధ్యలోంచి ఒక పొరను తీసేస్తే ఆ బరువు పక్కన మిగిలిన రాయి మీద పడుతుంది. మెత్తటి రాయి అయితే మెల్లగా కుంగుతుంది. కోలారు పలుగురాయి, దాని చుట్టూ ఉన్న నల్లరాయి రెండూ గట్టివి, పెళుసువి. భరించినంత సేపు భరించి ఒక్కసారిగా పేలతాయి. దీన్నే రాక్‌బర్స్ట్ అంటారు. తొలి రోజుల్లో గని మనుషులు ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. 1898 నుంచే ఇక్కడ వీటి రికార్డు ఉంది. పెద్దది వస్తే పైన ఊళ్లో గోడలు బీటలు వారేవి, కింద గ్యాలరీలకు (సొరంగ దారులకు) గ్యాలరీలు మూసుకుపోయేవి. లోడ్‌ను అడ్డంగా కోసే భ్రంశాలు (రాయి విరిగి జరిగిన చోట్లు), డోలరైట్ డైకులు (పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన లావా గోడలు) ఉన్నచోట ప్రమాదం మరీ ఎక్కువ.

తవ్విన ఖాళీని నింపడానికి కోలారులో గ్రానైట్ దిమ్మలతో గోడలు కట్టేవారు. ఇంటి గోడ కట్టినంత ఓపికగా, మనిషి వంగి నడవాల్సిన సందులో, ఆ వేడిలో. తర్వాతి దశాబ్దాల్లో కాంక్రీటుతో నింపడం వచ్చింది. పని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ రాతి స్తంభం వదలకూడదో చాలావరకు చనిపోయినవాళ్లను చూసే నేర్చుకున్నారు. గనిలో భూకంప మాపకాలు పెట్టి రాతి చప్పుళ్లు వినే పద్ధతి ఇక్కడ పెరిగింది. 1988లో జాతీయ రాతి యాంత్రిక శాస్త్ర సంస్థను కేజీఎఫ్‌లోనే పెట్టారు. దేశంలో ఎక్కడ సొరంగం తవ్వినా, భూగర్భ విద్యుత్ కేంద్రం కట్టినా పనికొస్తున్న ఆ విద్యకు తొలి బడి కోలారు గని.

అంత లోతు మరో రకంగానూ ఉపయోగపడింది. ఆకాశం నుంచి ఎడతెరిపి లేకుండా కురిసే కాస్మిక్ కిరణాలను పైనున్న రాయి వడపోస్తుంది, న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు మాత్రం రాతిని లెక్కచేయకుండా వచ్చేస్తాయి. టాటా మౌలిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ బృందాలతో కలిసి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు అమర్చి, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికాలోని మరో లోతైన బంగారు గనిలో మరో బృందం ఆ పనే చేసింది. ప్రపంచంలో వాతావరణ న్యూట్రినోలు తొలిసారి దొరికింది ఈ రెండు చోట్లే. భౌతిక శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ లాంటివాళ్ల పేర్లు ఆ పరిశోధనతో ముడిపడి ఉన్నాయి. 1980లలో పరమాణు కేంద్రంలో ఉండే ప్రోటాన్ క్షీణిస్తుందా అని వెతికిన ప్రయోగం కూడా ఇక్కడే జరిగింది.

లెక్కలో రాయని ఖర్చు

ఈ పని చేసినవాళ్లు ఎవరు? తమిళనాడులోని ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి, మన చిత్తూరు నుంచి వచ్చిన దళిత కూలీలే ఎక్కువ. ఊళ్లో భూమి లేనివాళ్లు, కరువుకు ఇల్లు వదిలినవాళ్లు, కులం పేరుతో పడే అవమానం నుంచి తప్పించుకోవాలనుకున్నవాళ్లు. శిఖర దశలో సుమారు 30 వేల మంది పనిచేశారు. పై ఉద్యోగాల్లో ఇంగ్లిష్‌వాళ్లు, వాళ్ల కింద ఆంగ్లో ఇండియన్లు, ఇటలీ నుంచి వచ్చిన గని మనుషులు, అట్టడుగున వీళ్లు. జీతం, ఇల్లు, ఆసుపత్రి అన్నీ ఆ వరుసలోనే. బంగారం దొంగతనం పేరుతో ప్రతి షిఫ్టుకూ ఒళ్లంతా తడిమి వెతికేవారు. 1897లో మైసూరు ప్రభుత్వం తెచ్చిన గనుల చట్టం గని బంగారం దగ్గర పెట్టుకోవడాన్నే నేరం చేసింది. 1930లో ప్రతి కూలీ వేలిముద్రలు ఇచ్చి పేరు నమోదు చేసుకోవాలని కంపెనీలు ఆదేశిస్తే, గనులన్నీ ఆగిపోయేంత సమ్మె జరిగింది. తమను నేరస్తుల్లా చూస్తున్నారన్నది వాళ్ల కడుపుమంట. అప్పటికి అక్కడ గట్టి యూనియన్ కూడా లేదు.

బంగారాన్ని మోసుకొచ్చిన పలుగురాయి అంటే సిలికా. డ్రిల్లు పెట్టినా, పేల్చినా, నలిపినా సన్నటి సిలికా దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, చుట్టూ మచ్చ కడుతుంది. మనిషి మెట్లు ఎక్కలేడు, తర్వాత నడవలేడు, చివరికి పడుకుని కూడా ఊపిరి తీసుకోలేడు. సిలికోసిస్ అనే ఈ జబ్బుకు మందు లేదు. మన దేశంలో దీన్ని తొలిసారి పెద్ద ఎత్తున గుర్తించింది కోలారులోనే. 1940 దశకంలో ఏడు వేల మందికి పైగా కార్మికులను పరీక్షిస్తే 40 శాతానికి పైగా ఈ జబ్బు బయటపడింది. దీన్ని పరిహారం ఇవ్వాల్సిన జబ్బుగా దేశంలో ముందుగా గుర్తించింది కూడా మైసూరు సంస్థానమే. డ్రిల్లు మీద నీళ్లు పోస్తూ పనిచేసే పద్ధతి దుమ్మును తగ్గించింది. అయితే గనులు మొదలై అప్పటికి అరవై ఏళ్లు. ఆ అరవై ఏళ్లలో దగ్గుతూ ఊరికి తిరిగిపోయి, క్షయ అనుకుని చనిపోయినవాళ్లు ఏ పుస్తకంలోనూ లేరు. టన్నుకు ఎన్ని గ్రాములో దశాంశం దాకా రాసిపెట్టిన కంపెనీలు, టన్నుకు ఎంత ఊపిరి పోయిందో రాయలేదు. కోలారు గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట వదిలేయడం అన్యాయం.

ధర, లోతు, ఆలస్యం

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో మైసూరు రాష్ట్రం గనులను జాతీయం చేసింది, 1962లో అవి కేంద్రం చేతికి వెళ్లాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. అప్పటికే మంచి రాయి అయిపోయింది. గనిలో తొలి యాభై ఏళ్లలో దొరికిన లాభం లండన్ వాటాదారులకు పోయింది, లోతూ వేడీ తక్కువ గ్రేడూ ప్రభుత్వ వాటాకు వచ్చాయి. దానికి తోడు, ప్రపంచమంతా బంగారం అధికారిక ధర ఔన్సుకు (సుమారు 31 గ్రాములకు) 35 డాలర్లని నిర్ణయించిన కాలమది. కోలారు బంగారాన్ని చాలాకాలం ప్రభుత్వం ఆ ధరకే తీసుకుంది. దేశంలోని బజారు ధర దానికి ఎంతో ఎక్కువ. ఆ తేడా గని ఖాతాలోకి రాలేదు కాబట్టి పుస్తకాల్లో నష్టం కనిపించింది. "కేజీఎఫ్ నష్టాల గని" అన్న ముద్రలో ఈ ధర విధానానికి ఉన్న వాటాను ఎక్కువమంది గుర్తించరు.

1971 తర్వాత ప్రపంచంలో బంగారం ధర పెరగడం మొదలైనా, ఇక్కడ గ్రేడ్ పడిపోవడం దానికంటే వేగంగా సాగింది. 2001లో మూసివేత నాటికి ఔన్సు ధర 270 డాలర్ల దరిదాపుల్లో, అంటే చాలా ఏళ్లలో కనిష్ఠ స్థాయిలో ఉంది. టన్నుకు మూడు గ్రాములంటే ఆ ధరలో టన్ను రాయి విలువ సుమారు పాతిక డాలర్లు. కిలోమీటర్ల లోతు నుంచి టన్ను రాయి పైకి తెచ్చి, నలిపి, శుద్ధి చేసి, నీరు తోడి, గాలి చల్లబరిచి, జీతాలు ఇచ్చి పాతిక డాలర్లలో ముగించడం ఎవరి వల్లా కాదు. పదేళ్లు తిరిగేసరికి 2011లో ఔన్సు 1,900 డాలర్లు తాకింది. అప్పటి ధరలో అదే టన్ను రాయి విలువ 180 డాలర్లు. ఆ రాయి మళ్లీ ఖనిజమైంది, కానీ అందకుండా పోయింది. పంపులు ఆపేయగానే గనులు నీటితో నిండిపోయాయి. షాఫ్టులు, ఇనుప పనిముట్లు, గ్యాలరీలు ఏళ్ల తరబడి నీటిలో నానాయి. పేలుళ్ల భయం ఉన్న ఆ రాతిలోకి మళ్లీ దిగాలంటే దాదాపు కొత్త గని తవ్వినంత పని. గనిని కొన్నేళ్లు ఊరికే నీరు తోడుతూ కాపాడుకోవడం దండగ ఖర్చులా కనిపిస్తుంది. అలా కాపాడి ఉంటే పదేళ్ల తర్వాత మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది.

చేతికి అందే రాయి నేల మీదే ఉంది. 120 ఏళ్లు నలిపి, సైనైడ్‌తో కడిగి పారబోసిన మెత్తటి పొడి ఊరి చుట్టూ గుట్టలుగా పేరుకుంది. ఊరివాళ్లు వాటిని సైనైడ్ దిబ్బలంటారు. సుమారు 3.3 కోట్ల టన్నుల ఆ దిబ్బల్లో టన్నుకు గ్రాము కూడా లేని బంగారం ఉంది. భూమి లోపలి మూడు గ్రాముల రాయి కంటే ఇదే ఎక్కువ ఆశ కల్పించడం విచిత్రంగా అనిపించవచ్చు. తవ్వే ఖర్చు, పైకి తెచ్చే ఖర్చు, నలిపే ఖర్చు ఏనాడో ఎవరో పెట్టేశారు, ఇప్పుడు మళ్లీ కడిగితే చాలు. అందుకే ప్రభుత్వాలు ఈ దిబ్బల మీద పదే పదే ప్రణాళికలు వేస్తున్నాయి. గాలి వీచే నెలల్లో ఆ పొడి ఇళ్ల మీదికి లేస్తుంది. ఎండిన ఆ పొడి కూడా సిలికానే. బంగారం కోసం దిబ్బలు కదిపేవాళ్లు ముందు ఆ దుమ్ము సంగతి తేల్చాలి.

మన వైపు కొస

కోలారుతోపాటు భారత్ గోల్డ్ మైన్స్ చేతిలోనే ఉన్న ఆంధ్ర గనులూ మూతపడ్డాయి. కుప్పం దగ్గర గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం కోలారు పట్టీ దక్షిణపు కొసన ఉన్నవే. అనంతపురం వైపు రామగిరి మరో శిస్ట్ పట్టీలోది, అక్కడ బ్రిటిష్ కాలంలోనే గనులు తవ్వి వదిలేశారు. కర్నూలు వైపు జొన్నగిరి, కృష్ణా తీరాన గద్వాల, ఒకప్పటి నిజాం రాజ్యంలో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హట్టి, ఇవన్నీ తూర్పు ధార్వాడ్ రాతి ప్రాంతంలో ఒకదానికొకటి సమాంతరంగా సాగే పాత లావా పట్టీలు. జొన్నగిరి దగ్గర ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఆ పేరు ఊరికే పెట్టినది కాకపోవచ్చు, చుట్టూ పాత బంగారు గుంతలు ఉండనే ఉన్నాయి.

వీటిలో హట్టి ఒక్కటే దశాబ్దాలుగా ఆగకుండా నడుస్తూ, ఇవాళ దేశంలో గనుల నుంచి వచ్చే బంగారంలో సింహభాగం ఇస్తోంది. కోలారంత గొప్ప గ్రేడ్ దానికి ఏనాడూ లేదు. అంత లోతుకూ వెళ్లలేదు, అందువల్ల ఖర్చు చేయి దాటిపోలేదు. జొన్నగిరిలో ఖనిజం నేలకు దగ్గరగా ఉండడంతో పైనుంచి తెరిచి తవ్వే పద్ధతి సాధ్యమవుతోంది. టన్నుకు గ్రాము, రెండు గ్రాముల రాయి కూడా అలాంటిచోట గిట్టుతుంది. కోలారులో మూడు గ్రాములు గిట్టక మూతపడితే, ఇక్కడ అంతకంటే పేద రాయి ఆశ పుట్టించడానికి కారణం లోతు, దానితో వచ్చే ఖర్చు.

కోలారులో చివరి రోజున మిగిలిన కార్మికులు మూడు వేలకు పైగా. బకాయిల కోసం, లైన్లలోని ఇళ్ల మీద హక్కు కోసం వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. వాళ్ల పిల్లల్లో చాలామందికి ఇప్పుడు పని బెంగళూరులో. గనుల కోసం 1894లో వేసిన రైలు పట్టాల మీద, తెల్లవారకముందే మారికుప్పంలో బయలుదేరే బండి ఎక్కి వెళ్తారు, చీకటి పడ్డాక తిరిగి వస్తారు. కిటికీలోంచి సైనైడ్ దిబ్బలు, తుప్పు పట్టిన షాఫ్ట్ టవర్లు కనిపిస్తాయి. ఆ టవర్ల కింద మూడు కిలోమీటర్ల మేర నీళ్లు నిండి ఉన్నాయి.